ధ్యాన్‌చంద్ గొప్పా, హర్మన్‌ప్రీత్ గొప్పా: ఆ లెక్క నోట్‌బుక్‌లో వేసే పద్ధతి

మా నాయనకు ఎనభై నాలుగేళ్ళు. చిత్తూరు కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో హాకీ వరల్డ్ కప్ ఫైనల్ జరుగుతుంటే, గాంధీ విగ్రహం దగ్గర ఒక టీకొట్టు ముందర నన్ను భుజాన ఎక్కించుకుని రేడియో విన్నాడు. నాకప్పుడు ఏడేళ్ళు. జస్‌దేవ్ సింగ్ హిందీ కామెంటరీ అక్కడున్నవాళ్ళలో చాలామందికి సరిగ్గా అర్థం కాలేదు. గొంతు పైకి లేస్తే బంతి మనవాళ్ళ దగ్గరున్నట్టు, తగ్గితే పాకిస్తాన్ వాళ్ళ దగ్గరున్నట్టు లెక్క. అశోక్ కుమార్ రెండో గోల్ కొట్టినప్పుడు నాయన ఎగిరిన ఎగురుకు నేను జారి పక్కనున్న ఆయన చేతుల్లో పడ్డాను.

ఇప్పుడు ఆ నాయనే తిరుపతిలో మా ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆదివారం పొద్దున ప్రాక్టీసు అయ్యాక నా దగ్గర హాకీ నేర్చుకునే పిల్లలు స్టిక్‌లు గోడకు ఆనించి మజ్జిగ తాగడానికి వస్తారు. వాళ్ళ ఫోన్లలో పారిస్ ఒలింపిక్స్ గోల్స్ ఉంటాయి. "ధ్యాన్‌చంద్ ముందర వీళ్ళంతా యాడ నిలబడతార్రా?" అంటాడు నాయన. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు ఊరుకోడు. "తాతా, ఆయన ఇప్పటి టర్ఫ్ మీద ఆడితే పది నిమిషాలు పరిగెత్తగలడా?" అంటాడు. టర్ఫ్ అంటే ఇప్పుడు హాకీ ఆడే కృత్రిమ గడ్డి నేల. ఇద్దరికీ కోపం వస్తుంది.

నేను ఎస్వీ యూనివర్సిటీ జట్టులో రైట్ హాఫ్‌గా ఆడాను. ముప్పై ఏళ్ళకు పైగా పీఈటీగా పనిచేశాను. ఈ తగాదా నేను వినని సంవత్సరం లేదు. ఇలా అడిగితే ఎప్పటికీ తేలదు. ఒకరిని ఆయన కాలం నుంచి పెరికి తెచ్చి ఇంకొకరి కాలంలో నిలబెడుతున్నాం కదా! ఎవరిని వాళ్ళ నేల మీదే ఉంచి, చుట్టూ ఏముందో రాసుకుని, ఆ రాసుకున్నవాటిని పక్కపక్కన పెట్టి చూడాలి. దానికి నేను పిల్లలతో చేయించే పద్ధతి ఇది. ఒక రెండొందల పేజీల నోట్‌బుక్, ఒక పెన్సిల్ ఉంటే చాలు.

మొట్టమొదట పేరు పక్కన వాళ్ళు ఆడే స్థానం రాయండి. తగాదాల్లో సగం ఇక్కడే తీరిపోతాయి. 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో ఆడిన ధ్యాన్‌చంద్ సెంటర్ ఫార్వర్డ్, అంటే ముందు వరసలో నడుమ ఉండి గోల్స్ కొట్టేవాడు. పారిస్‌లో ఆడిన హర్మన్‌ప్రీత్ సింగ్ డిఫెండర్, పెనాల్టీ కార్నర్లలో (ఎదుటి జట్టు తన గోల్ దగ్గర తప్పు చేస్తే దొరికే అవకాశం) డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవాడు. వీళ్ళిద్దరినీ పోల్చడం అంటే ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌ను వికెట్ కీపర్‌తో పోల్చినట్టే. హర్మన్‌ప్రీత్‌కు జోడీ కావాలంటే 1960లలో ఫుల్ బ్యాక్‌గా ఆడుతూ పెనాల్టీ కార్నర్లు కొట్టిన పృథీపాల్ సింగ్‌ను తీసుకోండి. పాకిస్తాన్ తరఫున 348 గోల్స్ కొట్టిన సోహైల్ అబ్బాస్‌నూ తీసుకోవచ్చు. ఇప్పటి తరం గోల్ కీపర్ శ్రీజేష్‌కు జోడీ 1964 నాటి కీపర్ శంకర్ లక్ష్మణ్. మన్‌ప్రీత్, హార్దిక్ లాంటి మిడ్‌ఫీల్డర్లకు జోడీ 1975 కెప్టెన్ అజిత్‌పాల్ సింగ్. పేజీ మధ్యలో నిలువు గీత కొట్టి ఎడమ పక్క పాతవారు, కుడి పక్క ఇప్పటివారు. అడ్డంగా నాలుగు గడులు: నేల, రూలు, ఎదుటివాళ్ళు, వాటా.

అన్నిటికన్నా ఎక్కువసేపు నేల గడి మీద కూర్చోండి. మిగతావి పుస్తకం చూసి రాసుకోవచ్చు. ఇది మాత్రం చేత్తో చేసి చూడందే అర్థం కాదు.

1988లో మా జట్టు ఉత్తరాదిలో ఒక టోర్నమెంటుకు పోయింది. అప్పటిదాకా మేమందరం ఎర్రమట్టి గ్రౌండులోనే ఆడాం. మట్టి మీద బంతి ఎగురుతుంది, గులకరాయి తగిలితే పక్కకు పోతుంది. అందుకని మాకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు: కన్ను బంతి మీద, ఒళ్ళు కాస్త పక్కకు, స్టిక్ వదులుగా పట్టుకుని ఆఖరి క్షణంలో బంతిని ఆపాలి. అక్కడ తొలిసారి టర్ఫ్ మీద అడుగుపెట్టాం. మ్యాచ్‌కు ముందు నీళ్ళు కొట్టి ఉన్నారు, మెత్తగా, తడిగా ఉంది. నా వైపు వచ్చిన మొదటి పాస్ నాకింకా గుర్తు. స్టిక్ దించే లోపలే బంతి నన్ను దాటిపోయింది. అది ఎగరలేదు, పక్కకు పోలేదు, ఉన్న లైన్లోనే జారిపోయింది. రెండోదీ అంతే. మేం ఏడు గోల్స్‌తో ఓడాం. మా చేతుల్లో ఉన్న పనితనం అబద్ధం కాదు, అది మట్టి నేర్పిన పనితనం. ఆ నేల మారేసరికి మా చేతులు ఉట్టి చేతులయిపోయాయి.

1976లో మాంట్రియల్‌లో ఒలింపిక్స్ హాకీని తొలిసారి ఆస్ట్రోటర్ఫ్ మీద ఆడించినప్పుడు మన దేశానికి జరిగిందీ అదే. అంతకు ముందు ఏడాదే వరల్డ్ కప్ గెలిచిన దేశం ఏడో స్థానంలో నిలిచింది. ఆటగాళ్ళు ఒక్క ఏడాదిలో చేతకానివాళ్ళు అయిపోతారా? ఈ సంగతి తెలియకుండా ఆ జట్టును తిట్టేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మీ పిల్లలకు ఇది చూపించాలంటే టర్ఫ్ అక్కర్లేదు. మూడడుగుల చెక్క ఒకటి తీసుకుని ఒక కొసను రెండు ఇటుకల మీద పెట్టండి. పై కొస నుంచి హాకీ బంతిని ఊరికే వదలండి, తొయ్యకూడదు. మొదట బడి మట్టి గ్రౌండులో, తర్వాత సిమెంటు గచ్చు మీద, ఆ తర్వాత అదే గచ్చు మీద రెండు బిందెల నీళ్ళు పోసి. మా బడిలో చేసినప్పుడు మట్టి మీద బంతి నాలుగైదు అంగలు పోయి ఒక రాయి దగ్గర వంకర తిరిగి ఆగింది. గచ్చు మీద గోడ దాకా పోయింది. మాటకు మాట చెప్పే ఆ పిల్లాడు మట్టిలో బంతి ఆగిన చోటికి పోయి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ రాయిని వేలితో తడిమి చూశాడు. "ఇట్లాంటి దాంట్లో ముగ్గుర్ని డాడ్జ్ చేసి పోయినాడా మేడం ఆయన?" అన్నాడు. ధ్యాన్‌చంద్ గురించి నేను పది పీరియడ్లు చెప్పినా ఆ ప్రశ్న వాడి నోట వచ్చేది కాదు.

తర్వాత నాయన వంతు. వాన వెలిసి గచ్చు తడిగా ఉన్న రోజు ఆయన్ను బడికి పిలుచుకుపోయాను. దగ్గర నుంచి ఒక అమ్మాయి గట్టిగా పుష్ చేసిన బంతిని ఇంకో అమ్మాయి ట్రాప్ చేయడం చూపించాను. ఆరు సార్లలో నాలుగు సార్లు తప్పిపోయింది. "ఈ వేగంలో ఆపి, తలెత్తి చూసి, మళ్ళీ పాస్ ఇయ్యాలంటే కండ్లు యాడుండాలమ్మా!" అన్నాడు నాయన. ఇప్పటి ఆటగాడి గొప్పతనం ఆ ఒక్క క్షణంలో ఉంది.

స్టిక్‌ను కూడా నేల గడిలోనే రాయండి. నా దగ్గర పాత మల్బరీ కర్ర స్టిక్ ఒకటుంది. ఇప్పటి కాంపోజిట్ స్టిక్ పక్కన పెట్టి పిల్లల చేత రెండింటితోనూ ఒకే బంతిని కొట్టిస్తాను. కర్ర స్టిక్‌తో కొడితే అదురు మణికట్టు దాకా వస్తుంది. కాంపోజిట్‌తో బంతి గట్టిగా పోతుంది, దాని వంపులో బంతి నిలబడుతుంది. డ్రాగ్ ఫ్లిక్ అంటే బంతిని ఆ వంపులో పట్టి, నేల మీద ఈడ్చి, ఒళ్ళంతా తిప్పి విసరడమే. పృథీపాల్ కాలంలో పని ఇంకో తీరుగా ఉండేది. ఒకరు లైను మీద నుంచి బంతి తోస్తే, ఇంకొకరు చేత్తో ఆపితే, ఆయన గట్టిగా కొట్టాలి. చేత్తో ఆపడం ఇప్పుడు లేదు.

రూలు గడిలో రాయాల్సింది చాలా ఉంది గానీ, మూడు రాస్తే సరిపోతుంది. ఆఫ్‌సైడ్ మొదటిది. పాత రోజుల్లో బంతి అందుకునే ఫార్వర్డ్‌కూ గోల్ లైనుకూ నడుమ ఎదుటి జట్టువాళ్ళు ముగ్గురైనా ఉండాలి. 1970లలో దాన్ని ఇద్దరికి తగ్గించారు, 1990ల రెండో సగంలో ఆఫ్‌సైడ్‌నే తీసేశారు. ఇప్పుడు ఫార్వర్డ్ గోల్ కీపర్ ముందరే నిలబడి వచ్చిన బంతికి స్టిక్ తగిలించి గోల్ చెయ్యొచ్చు. ధ్యాన్‌చంద్‌కు ఆ వీలు లేదు. ఒక పావుగంట పిల్లల్ని ముగ్గురి ఆఫ్‌సైడ్‌తో ఆడించండి, లైను దగ్గర ఒకరిని జేబురుమాలు ఇచ్చి నిలబెట్టండి. పొట్టి పాసులు, డ్రిబ్లింగ్ ఎందుకు పుట్టాయో వాళ్ళ కాళ్ళకే తెలుస్తుంది. రెండోది మార్పులు. ఇప్పుడు ఎంతమందినైనా, ఎన్నిసార్లయినా లోపలికీ బయటికీ పంపొచ్చు. మిడ్‌ఫీల్డర్ కొన్ని నిమిషాలు ప్రాణం పెట్టి పరిగెత్తి, బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగి మళ్ళీ వస్తాడు. పాతవాళ్ళు 35 నిమిషాల చొప్పున రెండు సగాలూ నిలబడే ఆడాలి. కాబట్టి వేగంలో ఇప్పటివాళ్ళూ, ఓర్పులో అప్పటివాళ్ళూ ముందుంటారు. రెండింటినీ ఒకే కొలబద్దతో కొలవకండి. మూడోది ఆట సమయం: ఇప్పుడు 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు, మొత్తం గంట. మ్యాచ్‌కు ఎన్ని గోల్స్ అని లెక్క కట్టేటప్పుడు ఈ పది నిమిషాల తేడా మరిచిపోకూడదు.

ఎదుటివాళ్ళ గడిలో నిజాయితీ కావాలి. మన అభిమానం అడ్డం వచ్చేది ఇక్కడే. 1932 లాస్ ఏంజెలిస్‌లో మనవాళ్ళు అమెరికాను 24-1తో ఓడించారు. ఆ మ్యాచ్‌లో రూప్ సింగ్ 10, అన్న ధ్యాన్‌చంద్ 8 గోల్స్ కొట్టారు. నాయన ఈ అంకెలు చెప్పేటప్పుడు కళ్ళు మెరుస్తాయి. కానీ ఆ ఒలింపిక్స్‌కు వచ్చిన హాకీ జట్లు మూడే: ఇండియా, అమెరికా, జపాన్. 1928, 1932, 1936 మూడింటికీ గ్రేట్ బ్రిటన్ రానేలేదు. ఇది రాయండి. దాని పక్కనే ఇది కూడా రాయండి: 1936లో బెర్లిన్ పోగానే ప్రాక్టీసు మ్యాచ్‌లో జర్మనీ మనవాళ్ళను 4-1తో ఓడించింది. ఆగస్టు 15న అదే జర్మనీని, వాళ్ళ ఊర్లోనే, ఫైనల్లో మనవాళ్ళు 8-1తో ఓడించారు. ఆ ఒలింపిక్స్ మొత్తంలో మన మీద పడిన గోల్ ఆ ఒక్కటే. నన్నడిగితే ధ్యాన్‌చంద్ జట్టు గొప్పతనానికి ఆ 24 కన్నా ఈ 8 గట్టి సాక్ష్యం.

1980 మాస్కో కూడా అంతే. ఫైనల్లో స్పెయిన్‌ను 4-3తో ఓడించి గోల్డ్ తెచ్చారు. బహిష్కరణ వల్ల పశ్చిమ జర్మనీ, నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా, పాకిస్తాన్ రాలేదు. గెలిచినవాళ్ళ తప్పేముంది అందులో? వచ్చినవాళ్ళతోనే కదా ఆడతారు. మెడల్‌ను తక్కువ చెయ్యకండి, గడిని మాత్రం నిండుగా రాయండి. కుడి పక్కన పారిస్ 2024 ఉంది: 12 జట్లు, ఒలింపిక్స్‌లో 52 ఏళ్ళ తర్వాత ఆస్ట్రేలియా మీద గెలుపు. క్వార్టర్ ఫైనల్లో రెడ్ కార్డు పడి నలభై నిమిషాలకు పైగా పదిమందితోనే గ్రేట్ బ్రిటన్‌ను 1-1తో నిలువరించి షూటౌట్‌లో గెలిచారు. దాన్ని మళ్ళీ చూపించినప్పుడు నాయన కుర్చీ అంచుకు వచ్చేశాడు.

ఇక వాటా. జట్టు కొట్టిన మొత్తం గోల్స్‌లో ఈ ఒక్కరు ఎన్ని కొట్టారు? ఆరో తరగతి పిల్లలు కూడా వేసే శాతాల లెక్క. 1952 హెల్సింకీలో ఇండియా ఆడింది మూడు మ్యాచ్‌లు, కొట్టింది 13 గోల్స్. అందులో బల్బీర్ సింగ్ సీనియర్‌వి 9, ఫైనల్లోనే నెదర్లాండ్స్ మీద 5. అంటే నూటికి 69. పారిస్‌లో ఇండియా ఎనిమిది మ్యాచ్‌ల్లో కొట్టినవి 15 గోల్స్. అందులో హర్మన్‌ప్రీత్‌వి 10, అంటే నూటికి 67. ఈ రెండు అంకెలు పక్కపక్కన పడ్డప్పుడు వరండాలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నాయన పెన్సిల్ అడిగి తీసుకుని, వణికే చేత్తో ఎడమ పక్క 3 మ్యాచ్‌లు, కుడి పక్క 8 మ్యాచ్‌లు అని రాశాడు. పిల్లాడు ఊరుకుంటాడా? ఎనిమిది మ్యాచ్‌లూ ఎవరితోనో కింద వరసగా రాశాడు: న్యూజిలాండ్, అర్జెంటీనా, ఐర్లండ్, బెల్జియం, ఆస్ట్రేలియా, గ్రేట్ బ్రిటన్, జర్మనీ, స్పెయిన్. నాకు అప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇద్దరూ ఎదుటివాళ్ళ ఆటగాడిని గురించి ఆలోచించడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఇంకో మెట్టు ఉంది. గోల్ ఎట్లా వచ్చిందో కూడా విడగొట్టండి. హర్మన్‌ప్రీత్ పదింటిలో ఏడు పెనాల్టీ కార్నర్లు, మూడు పెనాల్టీ స్ట్రోకులు (గోల్ కీపర్ ఒక్కడే అడ్డుగా ఉండగా కొట్టేవి). బల్బీర్ సెంటర్ ఫార్వర్డ్. స్థానం వేరు, పని వేరు. వాటా ఒకటే అయినంత మాత్రాన ఇద్దరి ఆటా ఒకటే అనుకోకూడదు. ధ్యాన్‌చంద్ వాటా 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో 29కి 14, నూటికి 48. అది తక్కువగా కనిపిస్తుంది. పక్కన గోల్ కొట్టగలిగినవాళ్ళు ఎక్కువ ఉన్న జట్టులో ఒకరి వాటా తగ్గడం సహజమే. ఆ టోర్నమెంటులో మన మీద ఒక్క గోల్ కూడా పడలేదని ఆ అంకె కింద రాసుకోండి.

గోల్ కీపర్లకు వాటా లెక్క పనికిరాదు. వాళ్ళకు ఏ గడియలో ఆపారో రాస్తాం. 1964 టోక్యో ఫైనల్లో శంకర్ లక్ష్మణ్ పాకిస్తాన్‌ను ఒక్క గోల్ కూడా కొట్టనివ్వలేదు, మనం 1-0తో గెలిచాం. తలకు హెల్మెట్ లేని కాలం అది. 2021లో టోక్యోలోనే కంచు కోసం జర్మనీతో ఆట. 5-4 మీద ఉండగా, ఇంకా ఏడు సెకన్లు కూడా లేవు, జర్మనీకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. శ్రీజేష్ ఆపాడు. హెల్మెట్ ఉంది నిజమే. కానీ లక్ష్మణ్ మీదికి డ్రాగ్ ఫ్లిక్ రాలేదు కదా!

పాత వీడియోలు చూపించేవాళ్ళకు ఒక జాగ్రత్త. పాతకాలపు కొన్ని ఫిల్మ్‌లలో మనుషులు గబగబా కీలుబొమ్మల్లా నడుస్తుంటారు. ఇప్పటికన్నా తక్కువ ఫ్రేములతో తీసిన ఫిల్మ్‌ను ఇప్పటి వేగంతో తిప్పడం వల్ల వచ్చే తేడా అది. ఫోన్‌లో స్పీడు 0.75కు తగ్గించి చూపించండి. పిల్లలు నవ్వడం మానేసి చూస్తారు. బంతిని చూడొద్దని, బంతి రాకముందు ఆటగాడి పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూడమని చెప్పండి.

వినికిడి కథలకు చివర్లో వేరే పేజీ పెట్టండి. ధ్యాన్‌చంద్ స్టిక్‌లో అయస్కాంతం ఉందేమోనని విరిచి చూశారంటారు. మా నాయన ఇది చెప్పినన్ని సార్లు నేను విన్నాను, పిల్లలకు నేనూ చెప్తాను. కానీ లెక్క గడుల్లోకి దాన్ని రానివ్వను.

ఆడపిల్లల పేజీని అందరూ మరిచిపోతారు. నేను మాత్రం ముందే కొట్టిస్తాను. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ హాకీ మొదలైంది 1980లో. ఆరు జట్లలో మనవాళ్ళు నాలుగో స్థానం. 2021లో టోక్యోలో రాణి రాంపాల్ జట్టుదీ నాలుగో స్థానమే, కానీ పన్నెండు జట్లలో. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి మరీ. ఒకే అంకె, రెండు కథలు. ఎదుటివాళ్ళ గడి ఎందుకో ఒక్క ఉదాహరణతో చెప్పాలంటే నేను చెప్పేది ఇదే. ఈ పేజీలో మా పిల్లలు ఇంకో పేరు కూడా రాసుకున్నారు: మన ఎర్రావారిపాళెం మండలం నుంచి పోయి, 2018 ఏషియన్ గేమ్స్‌లో వెండి మెడల్ తెచ్చిన జట్టులో ఉన్న గోల్ కీపర్ రజని. మా జట్టులో కీపింగ్ చేసే అమ్మాయి ఆ పేరు కింద రెండు గీతలు కొట్టింది.

ఇంట్లో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ధ్యాన్‌చంద్ జోలికి ముందే పోకండి. ధన్‌రాజ్ పిళ్ళైతో మొదలుపెట్టండి. 1992 నుంచి 2004 దాకా నాలుగు ఒలింపిక్స్, 1990 నుంచి 2002 దాకా నాలుగు వరల్డ్ కప్‌లు, 1998 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్ గోల్డ్‌కు కెప్టెన్. ఆఫ్‌సైడ్ ఉన్నప్పుడూ ఆడాడు, తీసేసిన తర్వాతా ఆడాడు. పక్కనే మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో ఆడాడు. వీడియోలు దొరుకుతాయి. ఆ ఆటలు చూసిన అమ్మానాన్నలు, మేనమామలు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. ధన్‌రాజ్ పేజీని రెండుగా చీల్చి, రూలు మారక ముందు ఒక పక్క, మారాక ఒక పక్క రాయండి. మనిషి ఒకడే కాబట్టి ఎవరి పక్షమూ పట్టాల్సిన పని లేదు. గడులు నింపడం చేతికి అలవాటయ్యాక 1928కి పోవచ్చు.